ఎనిమిది చుక్కల మొహం

వేసవి సెలవులకొచ్చిన మా తమ్ముడి కూతురు నా కంప్యూటర్‌లో మైన్‌క్రాఫ్ట్ పెట్టింది. ఆట మొదలవగానే తెరమీద నా తరఫున స్టీవ్ అనే నీలిచొక్కా బొమ్మమనిషి. "అందరూ స్టీవ్‌లాగే తిరిగితే ఎలా పెదనాన్నా? నీకో స్కిన్ చేసుకో" అంది.

స్కిన్ అంటే 64 చుక్కల పొడవు, 64 చుక్కల వెడల్పు ఉన్న చిన్న బొమ్మ. దర్జీ కత్తిరించి పరిచిన గుడ్డముక్కల్లా తల, ఒళ్ళు, చేతులు, కాళ్ళు అందులో విడివిడిగా ఉంటాయి. వాటిని పెట్టెలకు చుట్టి మనిషిని నిలబెట్టేది ఆటే. 2014కి ముందు గుడ్డ ఇందులో సగమే, 64కి 32. కుడిచేతి ముక్కనే తిప్పి ఎడమచేతికి తొడిగేవారు. ఒక్క చేతికే వాచీ పెట్టుకుందామంటే కుదిరేది కాదు.

మొహానికి దక్కేది ఎనిమిది చుక్కలు, ఎనిమిది వరసలు. మా అమ్మ వాకిట్లో పెట్టే ముగ్గంత. మొదటిరోజు సాయంత్రం అందులోనే ముడతలు, కనుబొమలు, బుగ్గమీది పుట్టుమచ్చ, అన్నీ ఇరికించాను. పిల్ల చూసి "మొహమా, మసిగుడ్డా?" అంది. ఒక్కొక్కటే చెరిపేస్తూ వచ్చాను. చివరికి నెరిసిన మీసానికి నాలుగు చుక్కలు మిగిలాయి. "ఇప్పుడు నువ్వే!" అంది. అరవై ఏళ్ళ మొహానికి గుర్తు ఆ నాలుగు చుక్కలేనన్నమాట.

కళ్ళజోడుకి మాత్రం చోటు వేరే ఉంది. స్కిన్ మీద రెండో పొర ఒకటి ఉంటుంది. మొహానికి కాస్త ఎడంగా నిలుస్తుంది. జోడు అక్కడ గీస్తే నిజంగా పెట్టుకున్నట్టే ఉంది.

చిక్కల్లా లుంగీతో వచ్చింది. గళ్ళన్నీ ఓపిగ్గా గీశాను. నిలబడితే లుంగీయే, అడుగేస్తే ప్యాంటు! ఆటలో కాళ్ళు రెండూ వేర్వేరు పెట్టెలు. రంగు ఎంత పూసినా అవి కలవవు. స్కిన్ రంగునే మారుస్తుంది, ఒంటి ఆకారాన్ని మార్చాలంటే మాడ్ కావాలి, అంటే ఆటకు పైనుంచి తగిలించే అదనపు ప్రోగ్రాం. పిల్ల కస్టమైజబుల్ ప్లేయర్ మోడల్స్ అనే మాడ్ మా ఇద్దరి కంప్యూటర్లలోనూ వేసి, గంటసేపు కూర్చుని, నా నడుము కింద గళ్ళపెట్టె ఒకటి బిగించింది. అడుగేశాను. లుంగీ లుంగీలాగే ఉంది.

ఆదివారం దాని స్నేహితులు ఆటలోకి వచ్చారు. నేను దర్జాగా ఎదురెళ్ళాను. "అంకుల్, గళ్ళ ప్యాంటు బాగుంది" అని ఒకడు టైప్ చేశాడు. వాళ్ళ దగ్గర ఆ మాడ్ లేదు. అది లేని కళ్ళకు కనిపించేది కింద ఉన్న స్కిన్ ఒక్కటే.

పిల్ల పడీపడీ నవ్వింది. ఆడేటప్పుడు నా ఒంట్లో చెయ్యి తప్ప నాకూ ఏమీ కనపడదు. ఎందుకైనా మంచిదని ఎఫ్5 నొక్కి, వెనక్కి జరిగి, లుంగీ ఉందో లేదో చూసుకున్నాను.