వేళ్ల మధ్య విద్య: హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్లు

2024 నవంబర్ ఐపీఎల్ వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ మన టెక్కలి కుర్రాడు త్రిపురాన విజయ్‌ని 30 లక్షలకు తీసుకుంది. అతను వేసేది ఆఫ్‌స్పిన్ కావడం నాకు మరీ సంతోషం. విజయ్ ఆడేది ఆంధ్ర జట్టుకే అయినా, ఈ విద్యలో తెలుగువాళ్లు మొదట చూడవలసింది హైదరాబాద్ వైపు.

టెక్కలి చుట్టుపక్కల పలాస, ఉద్దానం ఊళ్లలో పిల్లలు ఎక్కువగా టెన్నిస్ బంతితో ఆడతారు. దానికి లేచిన కుట్టు ఉండదు. ఆఫ్‌స్పిన్‌కి ప్రాణం ఆ కుట్టే. చూపుడు వేలి పై కణుపును దానికి అడ్డంగా ఆనించి, నడిమి వేలిని దూరంగా చాపి, బంతి వదిలే క్షణంలో తలుపు గడియ తిప్పినట్టు తిప్పాలి. ముందుకాలు గట్టిగా నిలబడాలి, ఒళ్లు దాని మీదుగా తిరగాలి. వేలి చర్మం కాయకాసేదాకా వేస్తేనే పట్టు కుదురుతుంది.

హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్‌కి ఇవన్నీ ఉండేవి, పైగా మంచి పొడగరి. అంత ఎత్తు నుంచి దిగే బంతి బ్యాట్స్‌మన్ అనుకున్నదానికన్నా కాస్త ముందే నేలను తాకి, అనుకున్నదానికన్నా పైకి లేస్తుంది. 1956లో ఈడెన్ గార్డెన్స్‌లో 49 పరుగులకు 7 వికెట్లు తీసి ఆస్ట్రేలియాను 177కే కూల్చాడు. రిచీ బెనో 11 వికెట్లతో ఆ టెస్టును మన చేతిలోంచి లాక్కున్నాడు గానీ, గులాం పనితనానికి అది లోటు కాదు.

నన్ను ఇంకా ఆశ్చర్యపరిచేది 1950-51 రంజీలో హోల్కర్ జట్టు మీద అతను ఒకే ఇన్నింగ్స్‌లో వేసిన 92.3 ఓవర్లు. అంటే 555 బంతులు! 1957లో ఎడ్జ్‌బాస్టన్‌లో వెస్టిండీస్ స్పిన్నర్ రామాదిన్ 588 వేసేదాకా అది ప్రపంచ రికార్డు. దక్కినవి నాలుగే వికెట్లు, ఇచ్చినవి 245 పరుగులు. ఓవర్‌కి మూడు కూడా కాదు. వేళ్లు అరిగిపోతున్నా లెంగ్త్ చెదరనివ్వలేదన్నమాట. ఏడు వికెట్ల రోజుకన్నా ఈ లెక్కలోనే నాకు అసలు పనివాడు కనిపిస్తాడు.

తర్వాత శివలాల్ యాదవ్ 35 టెస్టుల్లో 102 వికెట్లు తీశాడు. అర్షద్ అయూబ్ 1988లో న్యూజిలాండ్ మీద మూడు టెస్టుల్లో 21 పడగొట్టాడు. వెంకటపతి రాజు, ప్రజ్ఞాన్ ఓఝా ఎడమచేతి వాటం. వాళ్లది వేరే ముచ్చట.

కన్వల్‌జిత్ సింగ్‌ని మాత్రం దాటిపోలేను. ఫస్ట్‌క్లాస్‌లో 369 వికెట్లు తీసి, నలభై దాటాక కూడా హైదరాబాద్ దాడిని మోసిన మనిషి. ఒక్క టెస్టు కూడా ఆడించలేదు. బంతిని గాల్లో ఎంతసేపు ఉంచాలో, ఎప్పుడు త్వరగా దించాలో నేర్చుకోదలచిన కుర్రాళ్లు ముందుగా అతని బౌలింగ్‌నే చూడాలంటాను.