నూనె తేలినన్ని దినాలు

బాన్సువాడ అంగట్లో కొన్న మామిడికాయ తొక్కు సీసా మీద తేదీ ఉంటుంది. అది మూత తీయని సీసాకు. మూత తీశాక లెక్కంతా మన వంటింటిదే. ఇంట్లో పెట్టిన జాడికి ఆ తేదీ కూడా ఉండదు. ఎన్నాళ్లు తినొచ్చని అడిగితే మా అత్తమ్మది ఒకటే మాట: "పైన నూనె తేలినన్ని దినాలు తిను బిడ్డా."

బూజు సంగతి వరకు ఈ మాటకు తిరుగులేదు. బూజుకు గాలి కావాలి, ముక్కలు నూనెలో మునిగి ఉంటే అందదు. తడి గంటె పెట్టినా, ముక్క పైకి తేలినా అక్కడే మొదలవుతుంది. వానలు పడి గాలిలో చెమ్మ పెరిగాక మరీను.

కానీ మన తొక్కులో అల్లం ఎల్లిగడ్డ ముద్ద దండిగా పడుతుంది. ఎల్లిగడ్డ మట్టిలో పెరిగేది, బొటులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి బీజాలుండేదీ మట్టిలోనే. ఈ క్రిమికి గాలి గిట్టదు. అంటే బూజును ఆపే నూనే దీనికి నీడ. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంటులో తిన్నవాళ్లు బొటులిజంతో ఆసుపత్రి పాలయ్యారు. కారణం, ఫ్రిజ్‌లో ఉంచాల్సిన నూనె ఎల్లిగడ్డ సీసాను బయట పెట్టి వాడడం. ఆ క్రిమి వదిలే విషానికి రంగూ వాసనా ఉండవు, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసేది కాదు.

మన జాడిలోనూ అదే ఎల్లిగడ్డ, అదే నూనె. మరి ఏళ్లుగా ఎట్లా తింటున్నాం? మామిడి పులుపు, దొడ్డుప్పు. పీహెచ్ 4.6 కంటే తక్కువుంటే ఆ క్రిమి పెరగలేదు. ఉప్పేమో క్రిమికి నీళ్లు దొరకనివ్వదు.

ఇప్పుడు బీపీ అని ఉప్పు సగం చేస్తున్నాం, కొలెస్ట్రాల్ అని నూనె తగ్గిస్తున్నాం. తగ్గించండి, తప్పులేదు. అట్లాంటి తొక్కు వచ్చే ఉగాది దాకా అటక మీద ఉండాలనుకోవడమే నాకు నచ్చదు. కొంచెం పెట్టుకుని, ఫ్రిజ్‌లో ఉంచి, కొద్ది వారాల్లో తినేయాలి. పులుపు తక్కువున్న కోడి పచ్చడికైతే ఇంకా జాగ్రత్త కావాలి. పాత లెక్కన పెట్టిన పెద్ద జాడిలోంచి నెలకు సరిపడా పొడి గంటెతో చిన్న సీసాలోకి తీసుకుని, నూనె తగ్గితే కాచి చల్లార్చి పోసి, మళ్లీ వాసెన కట్టేయొచ్చు.

బూజు పట్టిన పైభాగం తీసేసి కిందిది తినొచ్చంటారు చాలామంది. బూజు చూడ్డానికి పైనే ఉన్నా దారాలు లోపలికి దిగుతాయి. పైగా అది పులుపును తినేస్తుంది, అంటే క్రిమిని ఆపేదే కరిగిపోతుంది. పల్లినూనె ధర ఎంతున్నా సరే, మా ఇంట్లో ఆ జాడి మొత్తం బయటికే.