పైసలు ఏ దిక్కున నడుస్తున్నాయి?

హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట దాటి బార్కాస్‌లో అడుగుపెడితే, నౌకరీ ఇప్పించే మధ్యమనిషి ఈ ఊరికి కొత్తవాడు కాదని అర్థమవుతుంది. నిజాముల సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు ఇక్కడికొచ్చేవారు. వాళ్లను చేరదీసి తన దండులో పెట్టుకునేవాడు జమాదారు. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే జమాదారు ఇక్కడ ఎంత వెనకేశాడంటే, ఆ డబ్బు అండతోనే 19వ శతాబ్దంలో ఆయన వంశం అక్కడ సొంత రాజ్యం నిలబెట్టుకుంది. ఇప్పుడు బార్కాస్ కుర్రాళ్లు ఎదురుదారిన సౌదీకి, ఖతర్‌కు పోతున్నారు. మధ్యమనిషి మాత్రం ఎక్కడికీ పోలేదు.

డబ్బు నడిచే దిక్కే మారింది. అప్పట్లో సర్కారు జమాదారుకిచ్చేది, ఆయన సిపాయికిచ్చేవాడు. కోస్తా నుంచి రంగూన్‌కు ఓడెక్కిన మన కూలీలకు మేస్త్రీ ముందే బయానా ఇచ్చి, తర్వాత ముక్కుపిండి రాబట్టుకునేవాడు. అదేమీ ధర్మాత్ముల వ్యవహారం కాదు. అయినా మొదట చేయి జేబులో పెట్టింది మేస్త్రీయే. మరి ఇప్పుడో? పని మొహం చూడకముందే పనికి పోయేవాడు ఏజెంటు చేతిలో పోస్తున్నాడు. తల్లి మెడలోని గొలుసు కుదువపెట్టి మరీ పోస్తున్నాడు.

శాలిబండ, గౌలిపురా, లాల్‌దర్వాజా వైపు నాకు తెలిసినవాళ్లు ఆఫర్ లెటర్లు పట్టుకొని వస్తుంటారు, 'జర సదివి చెప్పన్నా' అంటూ. అందులో జీతమెంతో తర్వాత చూస్తాను. ముందు నేనడిగేది వేరు. ఏజెంటుకు ఎంతిచ్చినవ్? రసీదు ఉన్నదా? కంపెనీవాడు ఆయనకేమైనా ఇస్తున్నడా? ఎవరి డబ్బు తింటే వాడి పనే చేస్తాడనుకుంటే, మనమిచ్చినందుకు ఏజెంటు మనవాడు కావాలి కదా. కాడు. మనమిచ్చేది ఒక్కసారి, కంపెనీ మనుషుల్ని అడిగేది ఏటేటా.

చట్టం లేక కాదు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ నౌకరీలకు మనుషుల్ని పంపేవాళ్లు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. పెద్ద ఏజెన్సీ అయితే 50 లక్షల రూపాయల బ్యాంకు గ్యారంటీ కట్టాలి. వెళ్లేవాడి దగ్గర తీసుకోదగ్గ సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. దానికి రసీదివ్వాలి. అసలు పనివాడి దగ్గర పైసా తీసుకోకూడదంటుంది 1997 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం, నంబరు 181. మన దేశం దాన్ని ఆమోదించలేదు. ఇక మన చట్టంలోని శిక్ష చూడండి: రెండేళ్ల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. 1983లో రెండు వేలంటే కొంత బరువు. ఇప్పుడు ఏజెంటు ఆఫీసులో నెల చాయ్ ఖర్చుకు కూడా చాలదేమో!

లైసెన్సు ఉన్నదో లేదో చూడటం కష్టమేమీ కాదు. ఈ-మైగ్రేట్ సైట్లో ఏజెన్సీ పేరు కొడితే తెలిసిపోతుంది. చిక్కంతా ఆ పేరు దగ్గరే. మన గల్లీలో వీసా ఇప్పించేవాడికి ఏజెన్సీ పేరుండదు. ఆయన మామూ, చిన్నమ్మ కొడుకు, మసీదులో పక్కన నిలబడే భాయ్, బోనాలకు చందా రాసే అన్న. ఒక పిల్లగాడితో రసీదు అడగమన్నాను. 'ఎట్లడుగుతనన్నా, మా అక్క పెళ్లి సంబంధం తెచ్చింది ఆయనే గద' అన్నాడు. దీనికి చట్టంలో ఏ సెక్షనూ లేదు. నా దగ్గరా వెంటనే జవాబు లేదు. తర్వాత చెప్పాను: ఆయన్ని ఏమీ అడగకు, ఆయన పంపే ఆఫీసుకు నువ్వే పోయి అక్కడ కట్టు, అక్కడే రసీదు తీసుకో. ఆయన కమీషన్ ఆయనకు ఆ ఆఫీసువాడే ఇచ్చుకుంటాడు.

విజిట్ వీసా మీద పొమ్మంటే మాత్రం మొహమాటం పనికిరాదు. పదో తరగతి పాసవ్వనివాళ్లు గల్ఫ్‌లో పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. దాంతోపాటే పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. విజిట్ వీసా మీద దిగినవాడికి ఇవి రెండూ లేవు. సర్కారు లెక్కలో వాడు సైరుకు పోయినవాడు.

క్లియరెన్స్ కావలసిన దేశాల జాబితాలో రష్యా లేదు. 2024లో దేశమంతా తెలిసిన సంగతి ఈ సందులోంచే మొదలైంది. హెల్పర్ పని అని నమ్మించి తీసుకెళ్లిన భారతీయ యువకుల్ని ఉక్రెయిన్ యుద్ధంలోకి దింపారు. హైదరాబాద్ యువకుడొకరు అక్కడే చనిపోయారు. ఆ మార్చిలో సీబీఐ ఏడు నగరాల్లో సోదాలు చేసింది. ఏజెంట్లు వల వేసింది యూట్యూబ్‌లో. గల్లీ భాయ్‌ని కనీసం ఇంటికెళ్లి నిలదీయొచ్చు.

ఆడవాళ్ల విషయంలో సర్కారు కాస్త గట్టిగానే ఉంది. క్లియరెన్స్ అవసరమైన స్త్రీలకు 30 ఏళ్లు నిండాలి, 2016 నుంచి వాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. మన తెలంగాణ సర్కారుకు అలాంటి సంస్థ టామ్‌కామ్ ఉంది. కానీ ఇంటిపనికి పోయే పాతబస్తీ స్త్రీలలో ఆ పేరు విన్నవాళ్లు తక్కువ. నియమం బిగిసినకొద్దీ కొందరికి విజిట్ వీసాయే దారవుతోంది. రక్షించడానికి పెట్టిన కంచె వాళ్లను బయటకు నెట్టిందని నా అభిప్రాయం. కంచె తీసేయమననుగానీ, టామ్‌కామ్ వాళ్లు శాలిబండలో ఒక కౌంటరు తెరిస్తే ఏం పోయింది?

అందాకా నేను ఇళ్లలో తల్లులకు ఒకటే చెబుతున్నాను. పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు, రసీదు జిరాక్సులు, అక్కడి యజమాని ఫోన్ నంబరు మీ బీరువాలో పెట్టుకోండి. రేపు ఎంబసీకి అర్జీ రాయాల్సి వస్తే మొదట అడిగేవి అవే. చాలా ఇళ్లలో అవి ఏజెంటు దగ్గరే ఉంటున్నాయి.