బీరువా తాళం తీసే హెడ్మాస్టరు

ఎనిమిదో తరగతికి వచ్చినా తెలుగు పేరా తడబడకుండా చదవలేని పిల్లలు మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో కనిపిస్తూనే ఉంటారు. చదవమంటే తల దించుకుంటారు, లేదంటే అల్లరి చేస్తారు. పదమూడేళ్ల వయసులో నలుగురి ముందు రాదని ఒప్పుకోవడం కన్నా తిట్లు తినడమే నయమనిపిస్తుంది.

ఆ సిగ్గును గుర్తుపట్టే హెడ్మాస్టరంటే నాకు ఎంతో గౌరవం. ఆయన అలాంటి పిల్లవాడికి ఒకటో తరగతి వాచకం ఇవ్వడు. పేపర్లో క్రికెట్ పేజీ ఇచ్చి, తన గదిలో పక్కన కూర్చోబెట్టుకుంటాడు. గ్రంథాలయం బీరువా తాళం తీయిస్తాడు. పుస్తకాలు చిరిగితే లెక్క నేను చెప్పుకుంటానని టీచర్లకు హామీ ఇస్తాడు. ఆ ఒక్క మాటతో ఎన్ని బీరువాలు తెరుచుకుంటాయో!

చదివించడం తెలుగు పండితుడి పనే అనుకుంటాం. కానీ కిరణజన్య సంయోగక్రియ అన్న మాట దగ్గర ఆగిపోయిన పిల్ల సైన్సులోనూ వెనకబడుతుంది. లెక్కల్లో గుణకారం వచ్చినా ప్రశ్న అర్థంకాక సున్నా తెచ్చుకుంటుంది. అందుకే మంచి హెడ్మాస్టరు అన్ని సబ్జెక్టుల వాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడతాడు. టైంటేబుల్లో చదువుకునే పీరియడ్ పెట్టి, సిలబస్ వెనకబడిందని ఎవరడిగినా దాన్ని వదులుకోడు.

పిల్లల చదువు మెరుగుపరచడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ‘చదవడం మాకిష్టం’, తెలంగాణలో 2023లో ‘ఉన్నతి’ అనే ప్రభుత్వ కార్యక్రమాలు మొదలయ్యాయి. అయితే ఇలాంటి కార్యక్రమాల ఉత్తర్వు బడి గేటు దాకానే వస్తుంది. అక్కడి నుంచి తరగతి గదిలోకి తీసుకెళ్లేది హెడ్మాస్టరే.