బిందె తోమినట్టే

మూడు నెలలకోసారి, నెలలో మొదటి ఆదివారం పొద్దున మా వంటింట్లో అన్నిటికన్నా ముందు ఆర్వో నీళ్ల మిషన్ పని. స్విచ్ ఆపి, నల్లా కట్టేసి, కింద బకెట్ పెట్టి, ఫిల్టర్ గిన్నెను ప్లాస్టిక్ పానాతో ఎడమకు తిప్పుతాను. ముందు మొండికేస్తుంది. తర్వాత ఒక్కసారిగా వదులై, నిండు గిన్నె బరువు చేతికి తెలుస్తుంది. దూదిలా తెల్లగా లోపలికి పోయిన ఫిల్టర్ ఇటుక రంగులో బయటికొస్తుంది. అది జహీరాబాద్ మట్టి రంగు. ఇటు మా ఊరి నుంచి అటు బీదర్ దాకా పరుచుకున్న ఎర్రరాతి నేలలో ఇనుము ఎక్కువ. ఇనుమున్న బోరు నీళ్లు గ్లాసులో పట్టినప్పుడు తేటగానే కనిపిస్తాయి. గాలి తగిలి కాసేపయ్యాక అడుగున ఎర్రటి నలుసు చేరుతుంది. మా ట్యాంకులో ఆ నీళ్లూ, సింగూరు జలాశయం నుంచి వచ్చే ప్రభుత్వ మిషన్ భగీరథ నీళ్లూ కలుస్తాయి.

మా అమ్మ రోజూ రాగి బిందెను చింతపండుతో తోమి, బూడిదతో రుద్ది, మూతికి తెల్లగుడ్డ కట్టి నీళ్లు పట్టేది. వానాకాలం నీళ్లు బురదగా వస్తే చిల్లగింజను రాయి మీద అరగదీసి ఆ గంధం బిందెలో కలిపేది. తెల్లారేసరికి మడ్డి అడుగుకు దిగి, పైన తేట నిలిచేది. తోమని బిందెలో నీళ్లు పట్టడం ఆమె ఎరగదు. మా గోడకు మిషన్ ఎక్కిన రోజు ఆమె అడిగిన మొదటి మాట, "దీన్ని తోముడెట్ల బిడ్డా?" అని. బిగించడానికొచ్చిన పిల్లగాడు, "తోముడేం లేదమ్మా, అదే చూసుకుంటది" అన్నాడు. నేనూ ఆ మాటే నమ్మాను.

నమ్మి ఏడాదిన్నర దాకా మూత తియ్యలేదు. పచ్చలైటు వెలుగుతూనే ఉంది. నీళ్ల ధార సన్నబడింది, రుచి మెల్లగా బోరు నీళ్ల వైపు మళ్లింది, మాకు అలవాటైపోయింది. చివరికి విప్పించి చూస్తే, ఉప్పులను ఆపే మెంబ్రేన్ పూర్తిగా పాడైంది. అది ఎందుకు పోయిందో తెలుసుకున్నాకే నాకు మిషన్ అర్థమైంది.

లోపల ఉన్నవి ఒకదానికొకటి కాపలా. మొదటి ఫిల్టర్ మట్టిని ఆపి కార్బన్ ఫిల్టర్‌ను కాపాడుతుంది. కార్బన్ క్లోరిన్‌ను పట్టుకుని మెంబ్రేన్‌ను కాపాడుతుంది. భగీరథ నీళ్లు అంత దూరం పైపుల్లో వచ్చి మన ఇంటికి చేరేదాకా క్రిములు పెరగకుండా చూసేది క్లోరినే. మన మేలు కోరి కలిపిన ఆ క్లోరినే మెంబ్రేన్ మీది పలచని పాలిఅమైడ్ పొరను తినేస్తుంది. కార్బన్ నిండిపోయి, ఇంక పట్టుకోలేని రోజు నుంచి పొర చిల్లులు పడడం మొదలవుతుంది. బోరు నీళ్ల సున్నం ఇంకోవైపు నుంచి దాన్ని పూడుస్తుంది. వంద, రెండొందల రూపాయల ఫిల్టర్ మార్చడానికి బద్ధకిస్తే వేలు పోసి మెంబ్రేన్ కొనాలి. నేను కొన్నాను.

అందుకే మార్చిన పాత ఫిల్టర్‌ను పారెయ్యను. ఎండబెట్టి, రంపపు బ్లేడుతో అడ్డంగా కోస్తాను. కోసిన చెట్టు మొద్దులా ఉంటుంది. పై అంచు ముదురు ఎరుపు, లోపలికి పోయేకొద్దీ లేత గులాబి, నడుమ బొక్క చుట్టూ తెలుపు. తెలుపు మిగిలి ఉంటే వేళకు మార్చినట్టు. ఎరుపు నడిమి దాకా చేరిందంటే మట్టి అవతలికి దాటిపోయిందన్న మాట. కంపెనీ కాగితం మీద ఆర్నెల్లని రాసి ఉండొచ్చు, మా నీళ్లకు మాత్రం మూడు నెలలే. వానలు మొదలైతే ఇంకా ముందే.

టీడీఎస్ మీటర్ కూడా కొన్నాను. దాన్ని ఎక్కువ నమ్మవద్దని మా వాడకట్టులో అందరికీ చెబుతుంటాను. నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి, ఉప్పులెన్ని ఉన్నాయో అంచనా కట్టడమే దాని పని. క్రిములు దానికి కనపడవు. ఫ్లోరైడ్ ఎంతో చెప్పలేదు. నల్లగొండ పల్లెల్లో ఎముకలు వంచిన ఫ్లోరైడ్‌కు మన ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. మీటర్ 400 చూపించినా అందులో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉండొచ్చు, దానికి ల్యాబ్ పరీక్ష చేయించాల్సిందే. మీటర్ నాకు పనికొచ్చేది ఒక్కదానికే. నల్లా నీళ్లనూ, మిషన్ నీళ్లనూ నెలనెలా కొలిచి రాసుకుంటే, మిషన్ అంకె పైకి ఎక్కుతున్నప్పుడు మెంబ్రేన్‌కు వయసైందని తెలుస్తుంది.

ఇంటింటికీ తిరిగి రెండు గ్లాసుల్లో కరెంటు కడ్డీలు ముంచి చూపించేవాళ్ల మీద నాకు కోపం. నల్లా నీళ్లు మురికి కాలువలా మారతాయి, మిషన్ నీళ్లు అలాగే ఉంటాయి. ఆ తుప్పు నీళ్లది కాదు, కరిగిన ఇనుప కడ్డీది. ఉప్పులు తీసేసిన నీళ్లలో కరెంటు సరిగా పారదు కాబట్టి అక్కడ కడ్డీ కరగదు. అది చూసి భయపడి, ఉప్పులు తక్కువుండే ఒక్క భగీరథ నీళ్లే వాడే ఇళ్లవాళ్లు కూడా అప్పు చేసి ఆర్వో కొంటున్నారు. ఉప్పులు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపున్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. అలాంటి నీళ్లకు వడగట్టి కాచుకోవడమో, యూవీ మిషనో సరిపోతుంది. యూవీ దీపాన్ని కూడా ఏటా మార్చాలి. నీలికాంతి కంటికి కనపడుతున్నా, క్రిములను చంపే కాంతి అప్పటికే తగ్గిపోయి ఉంటుంది.

చాలా ఇళ్లలో ఎవరూ చెయ్యి పెట్టనిది మిషన్ లోపలి మంచినీళ్ల ట్యాంకు. క్లోరిన్ తీసేసిన నీళ్లు అందులో నిలవ ఉంటాయి, ఇంక వాటికి కాపలా లేదు. ఊరికి పోయి పది రోజులకు తిరిగొస్తే నేను ముందు ఆ నీళ్లన్నీ వదిలేస్తాను. మూత తీసి లోపలి గోడ మీద వేలు రాస్తే జారుతుందంటే పాచి పట్టినట్టే. మెత్తటి గుడ్డతో తుడిచి, రెండుసార్లు నింపి ఒంపాలి. అక్కడే నాకు అమ్మ గుర్తుకొస్తుంది. ఆమె బిందె లోపల చెయ్యి తిప్పి చూసుకునేది కూడా ఇలాగే.

మిషన్ వదిలేసే ఉప్పునీళ్లు గ్లాసు మంచినీళ్లకు రెండు మూడు గ్లాసులు పోతాయి. 2016 కరువులో సింగూరు అడుగు చూసినవాళ్లం, వాటిని మోరీలోకి పోనివ్వడానికి మనసొప్పదు. బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికీ, బాత్రూముకూ వాడతాం. మొక్కలకు మాత్రం పొయ్యం.

తోముడు మాటకొస్తే, బీదర్ పక్కన నౌబాద్‌లో బహమనీల కాలపు కరేజ్ ఉంది. ఇదే ఎర్రరాతిని నేల కింద సొరంగంగా తొలిచి నీళ్లు పారించారు. పై నుంచి బావుల్లాంటి బొక్కలు దింపారు, గాలికీ, వెలుతురుకీ, మనిషి దిగి పూడిక తియ్యడానికీ. కట్టేటప్పుడే శుభ్రం చేసేవాడికి దారి వదిలారు. దిగేవాళ్లు లేక అది ఏళ్ల తరబడి మట్టితో పూడుకుపోయింది, కొన్నేళ్ల కింద మళ్లీ తవ్వి తీశారు. ఆ బొక్క అంచున నిలబడి కిందికి చూసిన రోజే, మిషన్ విప్పడం ఇంక మెకానిక్‌కు వదలకూడదని అనుకున్నాను.

ఈ ఆదివారం కొత్త ఫిల్టర్ వేసి, వాషర్‌కు తడి రాసి, గిన్నెను చేత్తోనే బిగించాను. మొదటి ట్యాంకు నీళ్లు ఒంపేశాను. పాతదాన్ని కోస్తే ఎరుపు సగం దాకా వచ్చి ఆగింది. వంటింటి క్యాలెండర్‌లో మూడు నెలల తర్వాతి ఆదివారం చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాను.