అక్షరపు తెరకు ఏ బేసిక్ కంపైలరు?

బేసిక్‌ను పాతభాషయని తీసివేయువారు కలరు. కాని విద్యార్థి వ్రాసిన నాలుగు పంక్తుల ఫలితమును వెంటనే తెరపై చూపుటలో దానికి సాటివచ్చునవి నేటికిని కొద్దియే. డార్ట్‌మత్ కళాశాల గణితాచార్యులు కెమెనీ, కుర్ట్జ్ 1964లో దీనిని నిర్మించినది విజ్ఞానశాస్త్రము చదువని విద్యార్థులను కూడ మనస్సున ఉంచుకొనియే.

చిక్కేమనగా, 1991లో ఎంఎస్-డాస్ 5తో వచ్చిన క్యూబేసిక్ నేటి 64 బిట్ల విండోసుపై నేరుగా నడువదు. దాని స్థానమున ఉచితముగా లభించునవి ముఖ్యముగా రెండు: క్యూబీ64, ఫ్రీబేసిక్. పవర్‌బేసిక్ వేగమునకు పేరుపొందినదే కాని, వెలపెట్టి కొనవలసిన సరుకుగా వచ్చినది. దాని కర్త బాబ్ జేల్ 2012లో మరణించెను. పాఠశాలకు దానిని సూచింపలేను.

క్యూబీ64 చూచుటకు క్యూబేసిక్ వలెనే యుండును. పాత పుస్తకములలోని ప్రోగ్రాములు చాలవరకు మార్పులేకయే నడచును. అది బేసిక్‌ను మొదట సి ప్లస్ ప్లస్‌లోనికి మార్చి, పిమ్మట యంత్రభాషగా చేయును గనుక చిన్న ప్రోగ్రామునకైనను కొంత నిరీక్షింపవలెను. నా అభ్యంతరము అది కాదు. ప్రింట్ అనినచో అక్షరములు నిజమైన కన్సోలులో పడవు. అది తానే యొక కిటికీ తెరచి, అందు అక్షరములను బొమ్మలుగా గీయును. ఫలితమును > గుర్తుతో ఫైలులోనికి మళ్లించినచో ఫైలు ఖాళీగానే మిగులును. డాలరు గుర్తుతో మొదలగు కన్సోల్ ఓన్లీ ఆదేశమును చేర్చినచో ఈ లోపము తీరును. క్రొత్తగా నేర్చువానికి ఈ మాట ఎవరు చెప్పవలె?

2004లో వెలువడిన ఫ్రీబేసిక్ నేరుగా కన్సోలులోనే వ్రాయును. దీనికి సొంత ఎడిటరు లేకపోవుట తరగతిలో ఇబ్బందియే. చలరాశులను ముందుగా ప్రకటింపక వాడనీయదు. పేరులో ఒక అక్షరము తప్పినను వెంటనే పట్టుకొనును. ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి సహాయకుడు లేడు. అక్షర ప్రోగ్రాములకు నేను దీనినే కోరుదును.

పాత ప్రోగ్రాములను తెచ్చునపుడు మాత్రము జాగ్రత్త అవసరము. 1 నుండి 300 వరకు అంకెల మొత్తము 45150. క్యూబేసిక్‌లో ఇంటిజరు 16 బిట్లది, గరిష్ఠము 32767. కనుక అది తప్పును చూపి ఆగిపోవును. ఫ్రీబేసిక్ ఇంటిజరు పెద్దది. సరియైన ఫలితమే వచ్చును. క్యూబీ64లో ఇంటిజరు 16 బిట్లదే, కాని ఆగకుండ -20386 అని ముద్రించును! తప్పు జవాబును ధైర్యముగా చెప్పుట, ఆగిపోవుటకంటె చెడ్డది.

తెలుగు విషయమున రెండును నిరాశ కలిగించును. అక్షరపు తెర 80 నిలువులు, 25 వరుసల గళ్లపట్టిక, గడికొక అక్షరము. మన 'స్త్రీ' చూపునకు ఒకటే. యూనికోడులో ఆరు సంకేతములు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. లెన్ అని అడిగిన సాధారణ స్ట్రింగునకు వచ్చు జవాబు 18.