ఏ గడి మనది?

మబ్బు కిందికి దిగి, ఒక రన్‌వే వైపు వచ్చి, చుట్టు తిరిగి ఇంకో రన్‌వే మీద వాలడమే సర్క్లింగ్ అప్రోచ్. ఇందులో నాకు అమితంగా నచ్చే పనితనం ఆ మలుపులో కాదు, అంతకు ముందే, ఎంత ఎత్తు దాకా దిగవచ్చో విమాన వర్గాల వారీగా చెప్పే, చార్టు అడుగున ఉన్న పట్టికలో పైలట్ తన గడి తేల్చుకోవడంలో కనిపిస్తుంది.

అమెరికా చార్టుల్లో 91 నాట్ల లోపు వేగమైతే ఎ వర్గం, 120 దాకా బి, 140 దాకా సి, 165 దాకా డి. గరిష్ఠ ల్యాండింగ్ బరువు దగ్గర స్టాల్ వేగానికి 1.3 రెట్లు కట్టి విమానం వర్గం నిర్ణయిస్తారు. ఇవాళ బరువు తక్కువని కింది వర్గానికి దిగకూడదు. కానీ ఫ్లాప్స్ దిగక, బి వర్గం విమానాన్ని 125 నాట్లతో తిప్పాల్సి వస్తే? మంచి పైలట్ వేలు మారుమాట లేకుండా సి గడికి జరుగుతుంది. వేగం రెట్టింపైతే, అదే వంపుతో తిరిగే మలుపు వ్యాసార్థం నాలుగు రెట్లవుతుంది మరి! అడ్డంకులకు పైన 300 అడుగుల ఖాళీ ఆ వర్గానికి గీసిన పరిధి లోపలే దొరుకుతుంది. పాత లెక్కలో బి పరిధి 1.5 నాటికల్ మైళ్లే. దాటితే కొండకు పూచీ ఎవరిది?

2002 ఏప్రిల్ 15న దక్షిణ కొరియాలోని గిమ్‌హేలో సర్క్లింగ్ చేస్తూ ఒక బోయింగ్ 767 కొండను ఢీకొంది. 129 మంది పోయారు. పెద్ద విమానాలకు అక్కడ వర్తించే వాతావరణ మినిమమ్స్ (కనీస హద్దులు) సిబ్బందికి తెలియవని దర్యాప్తు తేల్చింది.

అందుకే దిగడం మొదలెట్టకముందే గడిని పైకి చదివి, పక్క పైలట్ చేత సరిచూపించుకుని, ‘రాత్రి సర్క్లింగ్ లేదు’ లాంటి చిన్నక్షరాల దాకా వెళ్లే వాళ్లంటే నాకు ఎంతో గౌరవం.